పతకం వచ్చేదాకా ఎవరు పోషించాలి?

ఏప్రిల్ వచ్చినా ఇక్కడ ఒంటారియోలో నేల పూర్తిగా ఆరదు. మంచు కరిగిన నీళ్లు గడ్డి కింద అలాగే నిలిచి ఉంటాయి. మా అమ్మాయి విసిరిన హ్యామర్, అంటే తీగ చివర ఇనపగుండు, ఇటు చివర పట్టుకునే పిడి, ఆ నేలలో పడిందంటే ధబ్‌మని ఒక చప్పుడు, అక్కడ జానెడు గుంట. ఆ గుంటదాకా నడిచివెళ్లి, గుండును పైకి లాగి, పాత తువ్వాలుతో బురద తుడిచి, తీగ ఎక్కడైనా మెలిక పడిందేమో వేలితో తడిమి చూసి, తిరిగి తెచ్చి ఇవ్వడం నా పని. శనివారం పొద్దున ఒక ప్రాక్టీసులో ఇరవై అయిదుసార్లు. మూడు కిలోల గుండే. అయినా ఇరవయ్యోసారికి భుజం లాగేస్తుంది. పిడికి బురద అంటుకుని ఉంటే చేతి తొడుగు జారుతుంది. జారితే ఆ గుండు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే విసిరేవాళ్ల చుట్టూ ఎత్తుగా వలకట్టిన కేజ్ ఉంటుంది. కేజ్ లేనిచోట హ్యామర్ ముట్టుకోనివ్వరు. ముట్టుకోకూడదు కూడా.

మేముండే వైపు అలాంటి కేజ్ ఒక్కటే. దానికి తాళం. తాళంచెవి మా కోచ్ దగ్గర ఉంటుంది. ఆయనకి డెబ్బై ఒకటో ఏడు. స్కూల్లో వ్యాయామం మాస్టారుగా రిటైరయ్యారు. జీతం తీసుకోరు. నలభై కిలోమీటర్ల దూరం నుంచి తన కారులో, తన పెట్రోలుతో వస్తారు. పిల్లలు ఆరుగురు. మా అమ్మాయి చదివే స్కూల్లో ఒకప్పుడు హ్యామర్ ఉండేదట. వల చిరిగిపోయింది, కొత్తది వెయ్యడానికి డబ్బు లేదన్నారు, పోటీల్లోంచే తీసేశారు.

పోయిన వేసవిలో తెనాలి దగ్గర మా ఊరి నుంచి నాన్న ఫోన్ చేశారు. ఎవరో వాట్సాప్‌లో పంపిన సంగతి చూశారట. "ఒరేయ్, అక్కడ ఆటలాడే పిల్లలకి గవర్నమెంటే నెలకి లక్షా ముప్పై వేలు ఇస్తుందంటగా! మరి మన పిల్లకి నువ్వెందుకురా జేబులోంచి పెడుతున్నావు?" అని అడిగారు. ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఆయనకి చెప్పాలనుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఈ దేశంలో పదిహేడేళ్లుగా పన్ను కడుతున్నవాడిగా నాకూ దీనిమీద ఒక గట్టి అభిప్రాయం ఉంది.

నాన్న విన్నది నిజమే. ఇక్కడ ఫెడరల్ ప్రభుత్వానికి అథ్లెట్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అని ఒక పథకం ఉంది. దాన్ని స్పోర్ట్ కెనడా నడుపుతుంది. ఆటల్లో ఉన్నవాళ్లు దాన్ని ఆ పేరుతో పిలవరు. 'కార్డు' అంటారు. "అతనికి కార్డు వచ్చిందట", "ఈ ఏడు ఆమె కార్డు పోయింది" అని మాట్లాడుకుంటారు. పెద్ద కార్డు ఉన్నవాళ్లకి నెలకి 2,175 డాలర్లు, ఎదుగుతున్నవాళ్లకి ఇచ్చే డెవలప్‌మెంట్ కార్డుకి 1,305 డాలర్లు. కాలేజీ ఫీజుకీ కొంత సాయం ఉంటుంది. అన్ని క్రీడలూ కలిపి ఏడాదికి దాదాపు 1,900 మంది దీని కిందకి వస్తారు. అథ్లెటిక్స్ విషయంలో పేర్లు అథ్లెటిక్స్ కెనడా పంపుతుంది, ఆమోదం స్పోర్ట్ కెనడాది.

ఈ మొత్తం పెరిగిన తీరు చూడండి. 2004లో నెలకి 1,100 డాలర్లున్నది 1,500 చేశారు. ఆ తర్వాత పదమూడేళ్లు కదల్లేదు. 2017లో 1,765 అయింది. మళ్లీ ఏడేళ్లు అంతే. 2024 బడ్జెట్‌లో ఈ పథకానికి అయిదేళ్లకి మరో 3.5 కోట్ల డాలర్లు కలిపారు. అప్పుడే ఇప్పటి 2,175కి వచ్చింది. ఆ పెంపు మంచిపని, ఆలస్యంగానైనా చేశారు. మా క్లబ్బులో ఆ వార్త వచ్చిన రోజు పెద్దపిల్లలు ఒకరికొకరు ఫోన్లు చూపించుకుంటూ గంతులేశారు.

ఇప్పుడు నాన్న లెక్కకి వద్దాం. రూపాయల్లోకి మారిస్తే పెద్దమొత్తమే. కానీ ఖర్చు రూపాయల్లో ఉండదుగా. ఏడాదికి 26,100 డాలర్లు. ఒంటారియోలో కనీస వేతనం 2025 అక్టోబరులో గంటకి 17.60 డాలర్లు అయింది. వారానికి నలభై గంటల చొప్పున ఏడాదంతా కౌంటర్ దగ్గర నిలబడి కాఫీ పోసినా 36,600 వస్తుంది. అంటే దేశం జెర్సీ వేసుకుని ప్రపంచంలో మొదటి ఎనిమిదిలో నిలిచే మనిషికి ప్రభుత్వం ఇచ్చేది కాఫీ పోసే మనిషి సంపాదన కంటే పదివేలు తక్కువ. టొరంటోలో ఒక బెడ్‌రూమ్ ఇంటి అద్దె కట్టేసరికే ఆ నెల డబ్బు ఇంచుమించు అయిపోతుంది. ఆపైన తిండి, బూట్లు, ఫిజియో, బస్సు పాసు. అథ్లెట్ తినే తిండి మనం తినేంత కాదు. హ్యామర్ విసిరేవాళ్ల తిండి గురించైతే నేను ప్రత్యక్షసాక్షిని.

మా క్లబ్బులోనే ఒక అమ్మాయి ఉంది. 400 మీటర్ల హర్డిల్స్. పాతికేళ్లుంటాయి. దేశంలో మొదటి వరసకి దగ్గరగా ఉంది కానీ కార్డు అందేంత దగ్గరగా లేదు. పొద్దున నాలుగున్నరకి బేకరీలో డ్యూటీ, పన్నెండింటికి ప్రాక్టీసు, సాయంత్రం చిన్నపిల్లలకి కోచింగ్. ఒకరోజు మెట్లమీద నా పక్కన కూర్చుని ఆమె స్పైక్స్‌కి, అంటే మేకులున్న పరుగు బూట్లకి, టేప్ చుట్టుకుంటోంది. అడుగుభాగం ఊడివస్తోంది. వేలితో నొక్కిపట్టి, మూడుచుట్లు చుట్టి, పంటితో తెంపింది. "అంకుల్, ఈ సీజన్‌కి ఇవి ఆగితే చాలు" అంది. ఆ రోజు ఆమె పరిగెత్తిన పరుగులన్నీ నేను లెక్కపెట్టాను. ఆరు. చివరిదాంట్లో మూడో హర్డిల్ దగ్గర ఆగిపోయింది. కాలు నొప్పి కాదట, నిద్ర చాలట్లేదట.

ఆమెకి మన లెక్కలో ఏం తక్కువ? అర సెకను. ఆ అర సెకను తగ్గాలంటే నిద్రపోవాలి. నిద్రపోవాలంటే బేకరీ మానాలి. బేకరీ మానాలంటే కార్డు రావాలి. కార్డు రావాలంటే అర సెకను తగ్గాలి. కార్డు తెచ్చుకునే ముఖ్యమైన దారి ఒలింపిక్స్‌లోనో ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లోనో మొదటి ఎనిమిదిలో, అదీ పోటీపడ్డవాళ్లలో పై సగంలో, నిలవడం. కింది కార్డులకి వేరే అర్హతలున్నాయి. అయినా అసలు సూత్రం ఒకటే. ముందు నువ్వు చూపించు, తర్వాత మేం ఇస్తాం.

మనవైపు సంగతి తెలిసిందేగా. 2016లో రియోలో సింధు రజతం గెలిచాక తెలంగాణ అయిదు కోట్లు, ఆంధ్రప్రదేశ్ మూడు కోట్లు, ఇంకా గ్రూప్ వన్ ఉద్యోగం ప్రకటించాయి. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన వరంగల్ జిల్లా అమ్మాయి జీవాంజి దీప్తికి తెలంగాణ కోటి రూపాయలు, ఉద్యోగం, ఇంటిస్థలం ప్రకటించింది. గెలిచినవాళ్లకి ఇవ్వడం నాకు సంతోషమే. వాళ్లు అంతకు ఎన్నోరెట్లు కష్టపడ్డారు. కెనడాలో ఆ వాన కురవదు. ఒలింపిక్ స్వర్ణానికి కెనడా ఒలింపిక్ కమిటీ ఇచ్చేది 20,000 డాలర్లు, రజతానికి 15,000, కాంస్యానికి 10,000. ఒక్కసారిగా కోట్లు కుమ్మరించడం కంటే, నెలనెలా కొంచెం కొంచెంగా ఇవ్వడమే మంచి పద్ధతని నా నమ్మకం. కానీ ఆ నెలనెలా ఇచ్చేది కూడా పతకం గుమ్మందాకా వచ్చినవాళ్లకే అందుతోంది. ఆ గుమ్మందాకా నడిచివచ్చిన పది పన్నెండేళ్ల దారిలో అన్నం పెట్టింది ఎవరు?

దానికి జవాబు పారిస్‌లోనే ఉంది. 2024 ఆగస్టు 4న ఒలింపిక్స్‌లో కెనడా కుర్రాడు ఈథన్ కాట్జ్‌బర్గ్ హ్యామర్ 84.12 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాడు. రెండోవాడు 80 మీటర్లు కూడా దాటలేదు. రెండు రోజుల తర్వాత కామ్రిన్ రోజర్స్ 76.97 మీటర్లతో ఆడవాళ్ల స్వర్ణం గెలిచింది. 1928 తర్వాత అథ్లెటిక్స్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి కెనడా అమ్మాయి. హ్యామర్‌లో రెండు స్వర్ణాలూ ఒకే దేశానివి. ఆ వారం మా ఇంట్లో టీవీ ఆపలేదు. మా అమ్మాయి హాల్లో కుర్చీలు పక్కకి జరిపి, చీపురు పట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. మా ఆవిడ ఒక్కమాట అనలేదు, గాజు బొమ్మలు తీసి బీరువాలో పెట్టేసింది.

ఆ స్వర్ణాలు ఎక్కడివి? కాట్జ్‌బర్గ్‌ది బ్రిటిష్ కొలంబియాలో నానైమో అనే చిన్న ఊరు. వాళ్ల నాన్న స్కూలు పిల్లలకి త్రోస్, అంటే విసిరే ఆటలు, నేర్పే కోచ్. అక్క హ్యామర్ విసిరేది. తర్వాత అతను కామ్లూప్స్ అనే మరో చిన్న ఊరికి వెళ్లాడు. అక్కడ అతని కోచ్ డిలన్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఈ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ తెలియాలి. 2008 బీజింగ్‌లో షాట్‌పుట్‌లో 21.04 మీటర్లు విసిరి నాలుగోస్థానంలో ఆగిపోయాడు. మూడోవాడిది 21.05. ఒక్క సెంటీమీటరు. మన చిటికెనవేలి గోరు వెడల్పు. తర్వాత ఆ మూడోవాడు డోపింగ్‌లో పట్టుబడి అనర్హుడయ్యాడు. కాంస్యం ఆర్మ్‌స్ట్రాంగ్ చేతికి వచ్చింది 2015లో, కామ్లూప్స్‌లో, తన ఊరివాళ్ల మధ్య. ఏడేళ్లు ఆలస్యం. ఒలింపిక్స్‌లో పతకం తీసుకునేటప్పుడు మోగే చప్పట్లు, ఆ తర్వాత వచ్చే స్పాన్సర్లు, పేపర్లో ఫోటో, ఇవేవీ ఏడేళ్ల తర్వాత తిరిగిరావు.

ఆర్మ్‌స్ట్రాంగ్‌కి నేర్పినది ఎవరు? అనతోలీ బొందార్చుక్. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో సోవియట్ యూనియన్‌కి హ్యామర్ స్వర్ణం తెచ్చిన మనిషి. యూరీ సెదిఖ్‌కి కోచ్. సెదిఖ్ 1986లో విసిరిన 86.74 మీటర్లు ఇప్పటికీ ప్రపంచ రికార్డే. అలాంటి ఆయన 2000ల మధ్యలో వచ్చి కామ్లూప్స్‌లో స్థిరపడ్డాడు. కొండల మధ్య, చలి, లక్షమంది జనాభా ఉన్న ఊరు. అక్కడ ఒక త్రోయింగ్ సర్కిల్, ఒక కేజ్, ఒక క్లబ్బు, ఆయన. ఆయన దగ్గర ఆర్మ్‌స్ట్రాంగ్ నేర్చుకున్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గర కాట్జ్‌బర్గ్ నేర్చుకున్నాడు. ఆ ఊరికి కోచ్ వచ్చింది కాట్జ్‌బర్గ్ నానైమోలో పసిపిల్లాడిగా ఉన్నప్పుడు. స్వర్ణం వచ్చింది ఇరవై ఏళ్లకి.

మన సంగీతంలో గురుపరంపర అంటాం చూడండి, అచ్చం అదే. ఒక ఊళ్లో ఒక గురువు కుదురుకుంటే రెండుతరాల శిష్యులు తయారవుతారు. గురువుకి ఇల్లు గడవకపోతే ఆ ఊళ్లో ఆ విద్య ఆగిపోతుంది. కార్డు ఆటగాడికి వస్తుంది. కోచ్‌కి రాదు. కేజ్‌కి రాదు. ఊళ్లోని క్లబ్బుకి రాదు. అవి నడవాలంటే జాతీయ క్రీడాసంఘాలకి ప్రభుత్వం ఇచ్చే మూలధనం (కోర్ ఫండింగ్) కావాలి. ఆ మూలధనం 2005 నుంచి పెరగలేదని క్రీడాసంఘాలు మొత్తుకుంటున్నాయి. ఇరవై ఏళ్లు! ఈ ఇరవై ఏళ్లలో విమానం టికెట్ ఎంత పెరిగింది, హోటల్ గది ఎంత పెరిగింది, ఇన్సూరెన్స్ ఎంత పెరిగింది? పైగా పిల్లలపై వేధింపులు జరగకుండా చూసే బాధ్యత ఇప్పుడు సంఘాల మీద ఎక్కువగా పడింది. పడాల్సిందే, ఒక ఆడపిల్ల తండ్రిగా అందులో ఒక్క రూపాయి కూడా తగ్గించమని అడగను. కానీ దానికయ్యే ఖర్చు కూడా ఆ పాత డబ్బులోంచే తియ్యాలి కదా.

రోజర్స్ కథ వేరే దారిలో వెళ్తుంది, కానీ చేరేది ఇక్కడికే. ఆమెది రిచ్‌మండ్, వాంకూవర్ పక్కన. తల్లి ఒక్కతే పెంచింది. ఆ తల్లి హెయిర్ డ్రెస్సర్. పన్నెండేళ్లప్పుడు రోజర్స్ రిచ్‌మండ్ కజాక్స్ అనే స్థానిక క్లబ్బులో చేరి హ్యామర్ పట్టింది. తర్వాత కాలిఫోర్నియాలో బర్కిలీ యూనివర్సిటీ ఆమెకి సీటిచ్చింది. అక్కడి కోచ్ మో సాతారా ఆమెని ప్రపంచ చాంపియన్ చేశాడు. అంటే మొదటి మెట్టు కట్టింది ఒక తల్లి, ఒక ఊరి క్లబ్బు. రెండో మెట్టు అమెరికా. మార్కో ఆరోప్ కూడా అంతే. సూడాన్ నుంచి చిన్నప్పుడే కుటుంబంతో వచ్చి ఎడ్మంటన్‌లో పెరిగాడు, మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీలో పరిగెత్తాడు, పారిస్‌లో 800 మీటర్లలో 1:41.20తో రజతం తెచ్చాడు. స్ప్రింటర్ ఆంద్రే డి గ్రాస్ కూడా అమెరికా కాలేజీల మీదుగానే వచ్చాడు. మన పెరట్లో మొలిచిన మొక్కకి పక్కింటివాళ్లు ఇన్నేళ్లు నీళ్లు పోశారు. కాయలు మనం కోసుకున్నాం. వాళ్లకి నేను కృతజ్ఞుణ్ని. కానీ వాళ్లు ఎప్పటికీ పోస్తారని ఎలా అనుకుంటాం? 2025 జూన్‌లో అక్కడి కోర్టు ఆమోదించిన ఒప్పందంతో అమెరికా కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు పంచుతున్నాయి, దానితోపాటు జట్లకి తలల లెక్కలో పరిమితి వచ్చింది. సీట్లు తగ్గితే ముందు ఎవరికి తగ్గుతాయో నాకైతే భయంగానే ఉంది.

మరి డేమియన్ వార్నర్? టోక్యో ఒలింపిక్స్‌లో డెకథ్లాన్‌లో, అంటే పది పోటీలు కలిపిన ఆటలో, 9,018 పాయింట్లతో స్వర్ణం గెలిచిన మనిషి. ఆ ఒలింపిక్స్‌కి ముందు చలికాలంలో, కోవిడ్‌తో యూనివర్సిటీ మూసేస్తే, అతను ఒంటారియోలోని లండన్ నగరంలో ఫార్‌కర్సన్ ఎరీనా అనే పాత ఐస్‌హాకీ హాల్లో ప్రాక్టీసు చేశాడు. హీటింగ్ లేదు. ఊపిరి వదిలితే పొగ కనిపించే చలి. ఊళ్లోవాళ్లు, కోచ్‌లు కలిసి అక్కడ లాంగ్‌జంప్ గొయ్యి, పోల్‌వాల్ట్ పరుగుదారి, సర్కిల్ కట్టిపెట్టారు. అతన్ని మొదట ఈ ఆటలోకి తెచ్చింది కూడా అతను చదివిన సర్కారు హైస్కూల్లో టీచర్లే. ఇది విని అందరూ "ఆహా, ఎంత స్ఫూర్తి" అంటారు. నేనూ అన్నాను. రెండోసారి ఆలోచిస్తే బాధేసింది. ప్రపంచంలో అందరికంటే గొప్ప అథ్లెట్‌కి వేడి ఉన్న ఒక గది ఇవ్వలేకపోయిన దేశం, ఆ కష్టాన్ని కథగా చెప్పుకుని మురిసిపోతోంది.

మా తెలుగు సంఘంలో ఒక తమ్ముడు ఉన్నాడు. మంచివాడు, సూటిగా మాట్లాడతాడు. ఉగాది రోజు భోజనాల దగ్గర ఈ సంగతి వస్తే, "అన్నా, మా అమ్మకి ఫ్యామిలీ డాక్టర్ దొరక్క ఏడాదిన్నర అయింది. మన పన్ను డబ్బు ఎవరో గుండు విసరడానికి పెట్టాలా?" అన్నాడు. ఆ ప్రశ్నని తేలిగ్గా తీసెయ్యలేను. ఎమర్జెన్సీలో తొమ్మిది గంటలు కూర్చున్న రాత్రి మాకూ ఉంది. ఆసుపత్రికి పోవాల్సిన రూపాయి ఆటకి పెట్టమని నేను అడగను. కానీ ఆటలకని తీసిన డబ్బే ఎటు పోతోందో చూడాలి కదా. 2024 బడ్జెట్‌కి ముందు క్రీడాసంఘాలన్నీ కలిసి ఏడాదికి 10.4 కోట్ల డాలర్లు పెంచమని అడిగాయి. ఇవ్వలేదు. అదే వసంతంలో 2026 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో టొరంటో, వాంకూవర్ నగరాల్లో జరిగే పదమూడు మ్యాచ్‌ల కోసం ఫెడరల్ ప్రభుత్వం 22 కోట్ల డాలర్లు ప్రకటించింది. అందులో టొరంటో వాటా ఒక్కటే 10.4 కోట్లు. ఆరు మ్యాచ్‌లకి. దేశంలోని జాతీయ క్రీడాసంఘాలన్నీ కలిసి ఏడాదికి అడిగిన మొత్తమూ అదే. ఆ తమ్ముడికి ఈ అంకె చెప్పాను. చేతిలో పులిహోర ప్లేటుతో కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే డబ్బు లేక కాదన్నమాట" అన్నాడు.

అవును, డబ్బు లేక కాదు. నాలుగువారాల పండగకి చప్పున ఇస్తాం. ఇరవై ఏళ్ల సాగుకి ఇవ్వం.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది, అది బయటివాళ్లు అన్నది కాదు, ఈ దేశం తన అనుభవంతో తెలుసుకున్నది. పతకాల కోసమే ప్రభుత్వం డబ్బు పెట్టొచ్చా అన్నది. 1988 సియోల్. కెనడా ఆటగాడు బెన్ జాన్సన్ 9.79 సెకన్లలో వంద మీటర్లు పరిగెత్తాడు. మూడు రోజుల్లో డోపింగ్‌లో దొరికి పతకం పోయింది. అప్పట్లో నేను హైస్కూల్లో ఉన్నాను, మా ఊరి లైబ్రరీలో పేపర్ మొదటి పేజీలో ఆ ఫోటో చూశాను. తర్వాత ప్రభుత్వం జస్టిస్ చార్లెస్ డ్యూబిన్‌తో విచారణ జరిపించింది. 1990లో ఆయన నివేదిక ఇచ్చారు. మందులు ఎవరు వాడారు, ఎవరిచ్చారు అన్నదగ్గరే ఆయన ఆగలేదు. ప్రభుత్వం తన డబ్బుకి పతకాల లెక్కని కొలబద్ద చేసుకోవడం తప్పని, ఆ డబ్బు సమాజానికి, చదువుకి, దేశానికి ఏం చేసిందన్నది చూడాలని చెప్పారు. ముప్పై అయిదేళ్లు దాటాయి. ఆ తర్వాత 2005లో, వాంకూవర్ శీతాకాల ఒలింపిక్స్‌ని దృష్టిలో పెట్టుకుని 'ఓన్ ద పోడియం' అనే వ్యవస్థ వచ్చింది. పతకం వచ్చే అవకాశం ఎక్కడుంటే అక్కడికి డబ్బు పంపమని సిఫార్సు చెయ్యడం దాని పని. అంతకుముందు రెండుసార్లు, 1976 మాంట్రియల్‌లో, 1988 కాల్గరీలో, సొంతగడ్డ మీద ఒక్క స్వర్ణం రాలేదు. 2010 వాంకూవర్‌లో పద్నాలుగు వచ్చాయి. పని చేసింది, కాదనను. దాన్ని తీసెయ్యమనీ అనను.

కానీ పతకం వైపే చూసి డబ్బు ఇస్తే, పతకానికి ఇంకా దూరంగా ఉన్న ఆట, ఊరు, పిల్ల, ఈ మూడూ ఎండిపోతాయి. ఓన్ ద పోడియం మొదలైన ఏడాదే సంఘాల మూలధనం గడ్డకట్టుకుపోయిందన్నది గుర్తుపెట్టుకోవాలి. పైకొమ్మకి నీళ్లు పోస్తున్నాం, వేరుకి పోసే చెంబు 2005లో ఎంతుందో ఇప్పుడూ అంతే.

ఎంతకాలం నిలబడాలో చెప్పడానికి ఇవాన్ డన్ఫీని చూడండి. రోజర్స్ ఊరు రిచ్‌మండే అతనిదీ. నడక పోటీలు. 2016 రియోలో 50 కిలోమీటర్ల నడకలో చివర్లో ఒక జపాన్ ఆటగాడు తగిలాడు. ఫిర్యాదుతో కాంస్యం ఇతనికి వచ్చింది, తర్వాత తిరుగు ఫిర్యాదుతో పోయింది. క్రీడల పైకోర్టుకి వెళ్లే వీలున్నా వెళ్లనన్నాడు, తగలడం కావాలని చేసింది కాదన్నాడు. టోక్యో ఒలింపిక్స్‌లో అదే నడకలో నిజంగా కాంస్యం సాధించాడు. తర్వాత ఒలింపిక్స్‌లోంచి 50 కిలోమీటర్ల నడకనే తీసేశారు. 2025లో టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో, ముప్పై నాలుగేళ్ల వయసులో, 35 కిలోమీటర్ల నడకలో స్వర్ణం. రియో నుంచి లెక్కపెడితే తొమ్మిదేళ్లు. నడక చూడటానికి టికెట్ కొనేవాళ్లు లేరు, బూట్ల కంపెనీలు వెంటపడవు. అలాంటి ఆటలో ఒక మనిషి తొమ్మిదేళ్లు నిలబడాలంటే నెలనెలా వచ్చే ఆ ప్రభుత్వ చెక్కే దిక్కు. అందుకే కార్డు మొత్తం ఏటా ధరలతోపాటు దానంతటదే పెరగాలంటాను. పదమూడేళ్లకొకసారి, ఏడేళ్లకొకసారి ఎవరైనా మంత్రికి దయ కలిగినప్పుడు కాదు. పాలధర ఎవరి దయకోసమూ ఆగదు కదా.

కార్డుకి ఒక మెట్టు కింద, ఆ బేకరీ అమ్మాయిలాంటి వాళ్లకి, రెండేళ్లపాటు గ్యారంటీగా ఇచ్చే చిన్నసాయం ఒకటి ఉండాలి. అర సెకను తగ్గకపోతే రెండేళ్ల తర్వాత ఆపేయండి, ఎవరూ ఏమీ అనరు. కోచ్‌లకి జీతం ఉండాలి. పూర్తి జీతం కాకపోయినా, పెట్రోలు ఖర్చయినా చేతినుంచి పెట్టుకోకుండా ఉండాలి. ప్రతి పెద్ద ఊళ్లో కనీసం ఒక కేజ్ ఉండాలి. వల చిరిగితే కుట్టించేందుకు డబ్బుండాలి. నేను అడిగేవాటిలో అన్నిటికంటే చవకైనది ఈ వలే. దానిమీదే నాకు ఎక్కువ కోపం.

నాన్నకి ఇదంతా చెప్పలేదు. "ఆ డబ్బు పెద్దవాళ్లకి నాన్నా, మన పిల్ల ఇంకా చిన్నది" అన్నాను. "మరి పెద్దదయ్యేదాకా?" అన్నారాయన. లైన్ సరిగ్గా లేనట్టు నటించాను. అలా చేసినందుకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

పోయిన నెల ప్రాక్టీసు అయ్యాక కోచ్ గారు నన్ను ఆగమన్నారు. మోకాలి ఆపరేషన్ ఉందట, శరదృతువు నుంచి రాలేకపోవచ్చట. సర్టిఫికెట్ ఉన్న కోచ్ ఎదురుగా ఉంటేనే కేజ్ తెరవనిస్తారు. ఆరుగురు పిల్లల తల్లిదండ్రుల్లో ప్రతివారం క్రమం తప్పకుండా వచ్చేది నేనొక్కణ్నేనని, జాతీయ కోచింగ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్‌లో త్రోస్ కోర్సు చెయ్యమని అడిగారు. నేను జీవితంలో హ్యామర్ విసరలేదు. మా ఊళ్లో కబడ్డీ ఆడాను, అంతే. ఆ మాటే అన్నాను. "విసరడం వాళ్లకి వచ్చు. చూడటం నీకు నేర్పుతాను" అన్నారు.

కోర్సు ఫీజు కట్టాను. ప్రస్తుతం శనివారాల్లో గుండు తుడిచి తెచ్చేది మా ఆవిడ. నేను కేజ్ పక్కన, ఆయన వేసుకున్న మడతకుర్చీ వెనక నిలబడి, మా అమ్మాయి ఎడమకాలి మడమ తిరిగే తీరు చూస్తున్నాను. మూడో చుట్టులో మడమ ఒక క్షణం ముందే లేస్తోందని ఆయన అంటారు. నాకింకా కనబడటం లేదు. ప్రాక్టీసు అయ్యాక తాళం వేయించేది నాచేతే. చలికి ఆ తాళం బిగుసుకుపోతుంది. కొంచెం పైకెత్తి తిప్పాలి.